పీయూష గ్రంథి పగ్గాలు: చేపల సంతానోత్పత్తిలో మెదడు పాత్ర

గోదావరికి ఎర్రనీరు వచ్చిందనగానే కోనసీమ వారికి పులస గుర్తుకు వస్తుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెతను విదేశాలలో పుట్టి పెరిగిన పిల్లలు సైతం పెద్దల నోట వినే ఉంటారు. అయితే వరదనీటి కోసం ఎదురుచూసే చేప పులస ఒక్కటే కాదు. శీలావతి, బొచ్చె, మోసు అనే మన దేశపు పెద్ద కార్పు జాతి చేపలు కూడా నైరుతి ఋతుపవనాలతో నదులు పొంగినపుడే, పారే నీటిలో, గుడ్లు పెడతాయి.

ఇవే చేపలను ఊరి చెరువులో పెంచితే ఒక చిత్రం జరుగుతుంది. అవి చక్కగా మేస్తాయి, బరువెక్కుతాయి. వానకాలం వచ్చేసరికి ఆడచేప కడుపు గుడ్లతో ఉబ్బి మెత్తబడుతుంది. మగచేపను మృదువుగా నొక్కితే పాలవంటి శుక్రద్రవం కారుతుంది. అన్నీ సిద్ధంగా ఉన్నట్లే కనిపిస్తుంది, కాని గుడ్లు మాత్రం బయటికి రావు. ఋతువు దాటిపోతుంది, గుడ్లు లోలోపలే కరిగి శరీరంలో కలిసిపోతాయి. కిలో బరువుకు రెండు లక్షలకు పైగా గుడ్లు మోసే శీలావతి చెరువులో ఒక్క పిల్లనైనా కనకపోవడానికి కారణమేమిటి?

ఇది కేవలం పండితుల కుతూహలానికి సంబంధించిన ప్రశ్న కాదు. ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలం వరకు చెరువులో చేపలు పెంచదలచినవారు నదులపైనే ఆధారపడవలసి వచ్చేది. వరద వేళ నదిలో సన్నని వలలు కట్టి, కొట్టుకువచ్చే పసిపిల్లలను పట్టి, మట్టికుండలలో నింపి రైళ్ళలో దూరప్రాంతాలకు పంపేవారు. దారిలో చచ్చేవి చావగా, మిగిలిన వాటిలో ఏది ఏ జాతిదో చూసి చెప్పడం సాధ్యమయ్యేది కాదు. శీలావతి అనుకొని చెరువులో వదిలిన పిల్లలలో వాలుగ పిల్లలు ఉంటే, అవి తక్కిన వాటిని మింగి రైతు పెట్టుబడిని కూడా మింగేవి. బెంగాలులోని బాంకుడా, మేదినీపూర్ ప్రాంతాల రైతులు వాననీరు వెల్లువగా వచ్చి చేరే ప్రత్యేకమైన చెరువులను కట్టి, వాటిలో కార్పులు గుడ్లు పెట్టేటట్లు చేయగలిగారు. వరద అనే సంకేతం ఎంత ముఖ్యమైనదో వారికి అనుభవంతో తెలిసింది. ఆ సంకేతం చేప శరీరంలో ఎక్కడికి చేరి, ఏమి చేస్తున్నదో తెలుసుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

గ్రంథి చిన్నది, పని పెద్దది

చేప పుర్రె లోపల, మెదడు అడుగుభాగాన వ్రేలాడుతూ కొన్ని మిల్లీగ్రాముల బరువుండే చిన్న గింజవంటి అవయవం ఉంటుంది. అదే పీయూష గ్రంథి. ఈ పేరు గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆంగ్లంలో ఈ గ్రంథిని పిట్యూటరీ అంటారు. చీమిడి, కఫం అనే అర్థమున్న లాటిన్ పదం నుండి ఆ పేరు వచ్చింది. మెదడులోని కఫం ఈ గ్రంథి గుండా ముక్కులోకి దిగుతుందని పూర్వకాలపు పాశ్చాత్య వైద్యులు భావించారు. మన పరిభాషలో స్థిరపడిన పీయూషం అన్న మాటకు అమృతమనీ, ఈనిన ఆవు తొలిపాలనీ అర్థాలున్నాయి. గ్రంథి చేసే పనిని బట్టి చూస్తే తెలుగు పేరే సముచితమైనది.

ఈ గ్రంథి ముందుభాగం, మధ్యభాగం నుండి అనేక హార్మోనులు రక్తంలోకి విడుదల అవుతాయి. శరీరం పెరగడానికి ఒకటి, థైరాయిడ్‌ను నడపడానికి ఒకటి, ఒంటి రంగును మార్చడానికి ఒకటి, రక్తంలో లవణాల పాళ్ళను కాపాడడానికి మరొకటి. సంతానోత్పత్తికి సంబంధించినవి రెండు. వీటిని కలిపి గొనాడోట్రోపిన్లు, అంటే బీజకోశ ప్రేరకాలు అంటారు. మొదటిదైన ఎఫ్.ఎస్.హెచ్. గుడ్లు, శుక్రకణాలు రూపొందే దశలో పనిచేస్తుంది. ఆ దశలో బీజకోశం నుండి వెలువడే ఈస్ట్రోజెన్ ప్రభావం వల్ల చేప కాలేయంలో సొనకు మూలమైన ప్రోటీను తయారై, రక్తం ద్వారా ప్రయాణించి గుడ్లలోకి చేరుతుంది. కోడిగుడ్డులోని పచ్చసొన విషయంలోనూ జరిగేది ఇదే. రెండవదైన ఎల్.హెచ్. చివరి ఘట్టానికి అధిపతి. అది ఒక్కసారిగా ఉప్పెనలా రక్తంలోకి వచ్చినపుడు గుడ్డు చుట్టూ ఉన్న కణాలు మరొక స్టిరాయిడు హార్మోనును తయారుచేస్తాయి. దాని ప్రేరణతో గుడ్డులోని కేంద్రకం అంచుకు జరిగి, దాని పొర కరిగి, గుడ్డు పక్వమవుతుంది. ఈ పక్వకారక స్టిరాయిడును 1985లో జపానుకు చెందిన యోషితాకా నగహామా, ఆయన సహచరుడు అమాగో సాల్మన్ చేపలో గుర్తించారు.

చెరువులోని శీలావతి ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. మొదటి ఘట్టం పూర్తవుతుంది, గుడ్ల నిండా సొన చేరుతుంది. ఎల్.హెచ్. ఉప్పెన మాత్రం రాదు.

అంగుల్‌లో ఒక జూలై రోజు

లేని హార్మోనును బయటి నుండి ఇస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన మొదట దక్షిణ అమెరికాలో పుట్టింది. 1930లో అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు బెర్నార్డో హౌసే చేప పీయూష గ్రంథి సారాన్ని పిల్లలను కనే జాతికి చెందిన మరొక చేపకు ఎక్కించగా, అది నెలలు నిండకముందే కన్నది. తరువాతి కాలంలో, 1947లో, పీయూష గ్రంథికీ చక్కెర వినియోగానికీ గల సంబంధాన్ని కనుగొన్నందుకు ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. హౌసే ప్రయోగం జరిగిన కొద్ది సంవత్సరాలకే బ్రెజిల్‌లో రోడోల్ఫో ఫాన్ ఈరింగ్ ఈ పద్ధతిని నదీ చేపల పెంపకానికి ఉపయోగించాడు.

భారతదేశంలో 1930ల చివరిలోనే పాలిచ్చే జంతువుల పీయూష గ్రంథితో ప్రయత్నం జరిగింది. దేశవాళీ కార్పుల విషయంలో నిజమైన విజయం 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో లభించింది. హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి ఆధ్వర్యంలో చేప పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించిన కార్పులు నిలువ నీటిలోనే గుడ్లు పెట్టాయి. ఆ తేదీని భారతదేశంలో జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకొంటున్నారు. అంత ప్రాముఖ్యం గల ఈ తేదీ మన పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపించడం విచారకరం.

పద్ధతి వినడానికి సులభమైనదే. చేపల బజారులో తలలు సేకరించి, పుర్రె తెరిచి, గ్రంథిని నలగకుండా తీసి, నీరు కలవని శుద్ధమైన ఆల్కహాలులో ముదురురంగు సీసాలలో దాచిపెడతారు. అవసరమైనపుడు గ్రంథులను తూచి, నూరి, స్వేదనజలంలో కలిపి, పైతేట ద్రవాన్ని చేప కండలోకి ఎక్కిస్తారు. ఆడచేపకు మొదట కిలో బరువుకు 2 లేక 3 మిల్లీగ్రాముల గ్రంథి, ఆరు గంటల తరువాత 5 నుండి 8 మిల్లీగ్రాములు. మగచేపకు ఆ రెండవ మోతాదు వేళకు ఒకే ఒక సూది. తరువాత రెండింటినీ పలుచని గుడ్డతో కట్టిన హాపాలో వదిలితే నాలుగు నుండి ఆరు గంటలలో గుడ్లు పడతాయి.

చిక్కంతా గ్రంథి నాణ్యతలో ఉన్నది. ఎదిగిన చేప నుండి, గుడ్లు పెట్టే ఋతువుకు ముందు తీసిన గ్రంథిలో సత్తువ ఉంటుంది. గుడ్లు పెట్టేసిన చేప గ్రంథిలోనో, లేత చేప గ్రంథిలోనో అది ఉండదు. సీసాలో చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. తీరా సూది వేసి, రాత్రంతా మేలుకొని కూర్చున్న రైతుకు తెల్లవారేసరికి ఖాళీ హాపా కనిపిస్తే, ఆ యేటి అదనులో ఒక రోజు పోయినట్లే. పైగా ఒక చేపను కనిపించడానికి కొన్ని చేపల తలలు కావలసి వచ్చేవి.

మెదడు ఇచ్చే ఆజ్ఞ

ఇక్కడ ఒక సందేహం కలగడం సహజం. చెరువులోని చేపకు కూడా సొంత పీయూష గ్రంథి ఉన్నది. దానిలో ఎల్.హెచ్. నిలువ కూడా ఉన్నది. అప్పు తెచ్చి ఇవ్వడానికి బదులు, ఇంట్లో ఉన్న ధనాన్నే బయటికి తీయించలేమా?

పీయూష గ్రంథి స్వతంత్రమైనది కాదు. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగం దానిని శాసిస్తుంది. మనుష్యులలో హైపోథాలమస్ నాడీకణాలు తమ హార్మోనులను ప్రత్యేకమైన చిన్న రక్తనాళాలలోకి వదులుతాయి. పిల్లకాలువలో వదిలిన కాగితపు పడవల వలె అవి పీయూష గ్రంథికి కొట్టుకుపోతాయి. శీలావతి వంటి అస్థిచేపలలో ఈ కాలువ లేదు. నాడీతంతువులే నేరుగా గ్రంథిలోకి చొచ్చుకువచ్చి, ఆయా కణాల పక్కనే తమ హార్మోనును విడుస్తాయి. ఉత్తరం టపాలో వేయకుండా మనిషి వచ్చి చేతికి ఇచ్చినట్లన్న మాట.

ఎల్.హెచ్. విడుదలకు మెదడు ఇచ్చే ఆజ్ఞ ఏ పదార్థమో 1971లో తెలిసింది. అమెరికాలో ఆండ్రూ షాలీ పందుల మెదళ్ళ నుండి, రోజర్ గియ్మాఁ గొర్రెల మెదళ్ళ నుండి, ఒకరితో ఒకరు పోటీపడుతూ దానిని వేరుచేశారు. లక్షలకొద్దీ మెదడు ముక్కల నుండి చివరకు దక్కినది చిటికెడైనా లేదు. అది పది ఆమైనో ఆమ్లాల చిన్న గొలుసు. దానికి జి.ఎన్.ఆర్.హెచ్. అని పేరు. ఈ కృషికి వారిరువురూ 1977లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు. 1983లో నాన్సీ షేర్‌వుడ్, ఆమె సహచరులు సాల్మన్ చేప మెదడులోని జి.ఎన్.ఆర్.హెచ్. నిర్మాణాన్ని ప్రకటించారు. పందిలోని గొలుసుకూ దీనికీ ఏడవ, ఎనిమిదవ స్థానాలలో మాత్రమే తేడా. చేపకూ పందికీ మధ్య కోట్ల సంవత్సరాల ఎడమున్నా, పది అక్షరాల మాటలో రెండక్షరాలే మారాయి.

ఈ పదార్థం రక్తంలో ఎక్కువసేపు నిలువదు, ఎన్‌జైములు దానిని త్వరగా తుంచివేస్తాయి. అందుచేత రసాయనజ్ఞులు గొలుసులోని ఆరవ స్థానాన్ని, కొనను కొద్దిగా మార్చి ఎక్కువసేపు నిలిచే రూపాలను తయారుచేశారు. ఇక సమస్య తీరిందనే అందరూ అనుకొన్నారు. కాని కార్పులకు ఈ మందును ఎంత ఎక్కించినా ఎల్.హెచ్. కొద్దిగా మాత్రమే పెరిగేది. గుడ్లు నమ్మకంగా పడేవి కావు.

బంగారు చేప చెప్పిన రహస్యం

ముడి విప్పినది శీలావతికి దగ్గరి చుట్టమైన బంగారు చేప. విదేశాలలోని తెలుగు ఇళ్ళలో పిల్లల గదులలో గాజుతొట్టెలో తిరిగేది అదే. కెనడాలో ఎడ్మంటన్‌లోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ పీటర్, ఆయన బృందం 1970ల చివరిలో బంగారు చేప మెదడులో కొన్ని చిన్న ప్రదేశాలను జాగ్రత్తగా నాశనంచేసి ఫలితం ఎలా ఉంటుందో గమనించారు. ఆజ్ఞ ఇచ్చే భాగాన్ని చెడగొడితే హార్మోను తగ్గాలి. అయితే ఒక ప్రదేశాన్ని చెడగొట్టినపుడు ఎల్.హెచ్. తగ్గకపోగా ఒక్కసారిగా పెరిగి, చేప గుడ్లు విడిచింది. అంటే మెదడు ఆజ్ఞ ఇవ్వడమే కాదు, అడ్డుపడుతున్నది కూడా. ఆ అడ్డు తొలగడంతో గ్రంథి తనంతట తానే పనిచేసింది.

అడ్డుపడే పదార్థం డోపమిన్ అని తరువాతి ప్రయోగాలు నిరూపించాయి. మనిషి మెదడులో కదలికలకు, సంతోషానికి సంబంధించినదిగా పత్రికలలో తరచు వినిపించే ఆ డోపమిన్ ఇదే. దానిని స్రవించే నాడీతంతువులు కార్పు పీయూష గ్రంథిలోకి వచ్చి, ఎల్.హెచ్. కణాలపై ఉన్న డి-2 అనే గ్రాహకాల ద్వారా విడుదలను ఆపుతాయి. జి.ఎన్.ఆర్.హెచ్. మాత్రమే ఇవ్వడం, పగ్గాలు బిగబట్టి ఎద్దును ముల్లుగర్రతో పొడవడం వంటిది. ఎద్దు బెదురుతుంది, బండి కదలదు.

మందు ఎలా ఉండాలో ఇప్పుడు స్పష్టమైనది. తోలడానికి ఒకటి, పగ్గం వదలడానికి ఒకటి, రెండూ కలిపి ఇవ్వాలి. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరానికి చెందిన లిన్ హావోరాన్, రిచర్డ్ పీటర్ కలిసి చైనా కార్పులపై దీనిని పరీక్షించి విజయం సాధించారు. ఇద్దరి పేర్లూ కలిపి ఈ విధానానికి లిన్‌పే పద్ధతి అని పేరు వచ్చింది. ఆ సూత్రంపైనే కెనడాలో తయారైన ఓవాప్రిమ్ అనే సూదిమందు భారతదేశపు హేచరీలకు చేరింది. అనంతరం ఇటువంటివే దేశీయంగానూ తయారయ్యాయి.

ఓవాప్రిమ్ ఒక మిల్లీలీటరులో 20 మైక్రోగ్రాముల సాల్మన్ జి.ఎన్.ఆర్.హెచ్. మార్పురూపం, 10 మిల్లీగ్రాముల డోమ్‌పెరిడోన్ ఉంటాయి. తోలే మందు కంటే పగ్గం వదిలించే మందు బరువులో ఐదువందల రెట్లు! ఆడ శీలావతికి కిలో బరువుకు అర మిల్లీలీటరు లేదా అంతకు కొద్దిగా తక్కువ చాలు. మగచేపకు ఇంకా తక్కువ. డోమ్‌పెరిడోన్ పేరు చూసి కొందరు పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. భారతదేశంలో వాంతులు ఆగడానికి వైద్యులు వ్రాసే మాత్రలలో ఉండేది ఇదే. డోపమిన్ గ్రాహకాన్ని మూసివేయడమే అక్కడా దాని పని. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడను అది సులభంగా దాటలేదు. కాని పీయూష గ్రంథి ఆ గోడకు ఇవతల ఉన్నది. అందువల్ల చేప మెదడును పెద్దగా కలతపెట్టకుండానే గ్రంథి దగ్గరి పగ్గాన్ని వదిలించడం సాధ్యమయింది.

గ్రంథి సారానికి రెండు సూదులు కావలసిన చోట దీనికి ఒక్క సూది చాలు. చేపను రెండుసార్లు పట్టి బెదరగొట్టనక్కరలేదు. సీసా సీసాకూ సత్తువ మారదు. కొల్లేరు చుట్టూ, కృష్ణా గోదావరి డెల్టాలలో చేపల చెరువులు విస్తరించి, మంచుపెట్టెలలో శీలావతి, బొచ్చె లారీలకు లారీలుగా కలకత్తాకు, ఈశాన్య రాష్ట్రాలకు వెళ్ళడం వెనుక ఎన్నో కారణాలున్నవి. కోరిన జాతి పిల్లలు, కోరినన్ని, హేచరీలో దొరకడం వాటిలో ముఖ్యమైనది.

అన్ని చేపలకూ ఒకే పగ్గం కాదు

డోపమిన్ పట్టు జాతిని బట్టి మారుతుంది. కార్పులలో, ఈల్ చేపలలో అది బలమైనది. క్రోకర్, సీ బ్రీమ్ వంటి అనేక సముద్రపు చేపలలో బలహీనమైనది, లేదా లేనేలేదు. వాటికి జి.ఎన్.ఆర్.హెచ్. మార్పురూపం ఒక్కటే సరిపోతుంది. కనుక ఒక జాతిలో ఫలించిన మందును మరొక జాతికి గుడ్డిగా వాడడం తెలివైన పని కాదు.

ఇంకా విచిత్రమైన విషయం మరొకటి ఉన్నది. ఎల్.హెచ్.ను ఆపే డోపమిన్, బంగారు చేపలో పెరుగుదల హార్మోనును విడుదల చేయిస్తుంది. అక్కడ ఉన్న గ్రాహకం వేరు, డి-1 రకానికి చెందినది. పెరుగుదల హార్మోనును ఆపే పని సొమాటోస్టాటిన్ అనే వేరొక పదార్థానిది. హార్మోను ఒకటే అయినా, వినే చెవిని బట్టి దాని అర్థం మారిపోతున్నది.

పులస కథ కూడా ఈ గ్రంథిలోనే ఉన్నది. సముద్రంలో ఇలస అనిపించుకొనే చేప గోదావరిలోకి ఎదురీదినపుడు దాని శరీరం ఒక పెద్ద ఇక్కట్టును దాటాలి. సముద్రంలో చేప రక్తం కంటే బయటినీరు ఉప్పన, కాబట్టి ఒంటిలోని నీరు బయటికి పోతుంది. నదిలో అంతా తలక్రిందులు. నీరు లోనికి చొరబడుతుంది, లవణాలు బయటికి జారిపోతాయి. ఇటువంటి మార్పును తట్టుకోవడంలో పీయూష గ్రంథి నుండి వచ్చే ప్రొలాక్టిన్ ప్రధానపాత్ర వహిస్తుందని 1959లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రేస్ పిక్‌ఫర్డ్ చూపించారు. పీయూష గ్రంథి తీసివేసిన కిల్లీ చేపలు ఉప్పునీటిలో బ్రతికాయి, మంచినీటిలో చనిపోయాయి. వాటికి గొర్రె ప్రొలాక్టిన్ ఎక్కించగా మంచినీటిలోనూ బ్రతికాయి. తల్లులలో పాలు పడడానికి తోడ్పడే హార్మోను, చేపలో మంచినీటి జీవితానికి తోడ్పడుతున్నది. ఈ హార్మోనుకు కూడా డోపమిన్ పగ్గం ఉన్నది. అయితే తిలాపియా చేపలో ప్రొలాక్టిన్ కణాలు మెదడు ఆజ్ఞ కోసం మాత్రమే ఎదురుచూడవు. చుట్టూ ఉన్న ద్రవం పలుచబడితే, వాటంతట అవే గ్రహించి హార్మోనును వదులుతాయి.

గత పాతికేళ్ళలో చిత్రం మరింత చిక్కనైనది. 2000లో జపానులో పక్షులలో గొనాడోట్రోపిన్లను నిరోధించే కొత్త హార్మోను ఒకటి బయటపడింది. 2003లో మనుష్యులలో యౌవనం రావడానికి కిస్‌పెప్టిన్ వ్యవస్థ తప్పనిసరి అని తేలింది. చేపలలోనూ అంతేనని చాలామంది భావించారు. కాని 2015 ప్రాంతంలో కిస్‌పెప్టిన్ జన్యువులను తొలగించిన జీబ్రా చేపలు నిక్షేపంగా పిల్లలను కన్నాయి. జి.ఎన్.ఆర్.హెచ్. జన్యువును తొలగించినా జీబ్రా చేప కన్నది. ఎల్.హెచ్.ను తొలగించిన ఆడచేపలు మాత్రం గుడ్లు విడువలేకపోయాయి. ఆజ్ఞలు తెచ్చే దారులు చేపలో ఒకటికి నాలుగున్నవి, కాని చివరి ద్వారం ఒక్కటే.

సూదిమందు తెచ్చిన సౌలభ్యానికి మరొక ముఖం కూడా ఉన్నది. కొద్దిపాటి తల్లిచేపలతోనే లక్షలాది పిల్లలు వస్తున్నందువల్ల కొన్ని హేచరీలలో అవే కుటుంబాల చేపలను తరాల తరబడి కలుపుతూ వచ్చారు. కొన్ని చోట్ల శీలావతి, బొచ్చె, మోసు ఒకే తొట్టిలో కలిసి సంకర సంతానం పుట్టింది. నదిలో పిల్లల జాతి తెలియని పాత బాధ ఈ విధంగా హేచరీలోకి మరొక రూపంలో వచ్చింది. దీనికి విరుగుడుగా భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి మత్స్య సంస్థ నార్వే శాస్త్రజ్ఞుల సహకారంతో వేర్వేరు నదుల శీలావతులను కలిపి, వేగంగా పెరిగే వాటిని ఎంపిక చేస్తూ, జయంతి రోహు అనే మెరుగైన రకాన్ని రూపొందించింది.

హేచరీలలో సాధారణంగా సాయంకాలం సూది వేస్తారు. చేపలను గుండ్రని సిమెంటు తొట్టెలోకి వదిలి నీటిని సుడి తిరిగేటట్లు పారిస్తారు. ఎనిమిది నుండి పన్నెండు గంటలలో, తెల్లవారుజామున, మగచేపలు ఆడచేపలను తరమడం మొదలవుతుంది. నీటిలో ఉబ్బి ముత్యాలవలె మెరిసే గుడ్లు గొట్టం గుండా పొదిగే తొట్టెలోకి చేరి, మరుసటి రాత్రికల్లా పిల్లలవుతాయి. నీరు మరీ వేడెక్కిన రోజులలో మాత్రం ఎంత మంచి మందయినా సరిగా పనిచేయదు. అందుచేత మందు సీసా సిద్ధంగా ఉన్నా, అనుభవజ్ఞులు ఆకాశం మబ్బుపట్టి, ఒక జల్లు పడి నీరు చల్లబడిన తరువాతనే చేపలకు వల వేస్తారు.